ఎముక చీల

ఆ పెంతెకొస్తు ఆదివారం పొద్దున పని మొదలుపెట్టేసరికి నా చేతిలో ఉన్న సరుకు ఇది: తాళం వేసిన ఒక గది, అందులోంచి మాయమైన ఒక ఓడ, తాళంచెవి తన దగ్గరే ఉందని ఒప్పుకుని ఆ తర్వాత నోరు మెదపని ఒక విధవరాలు. నన్ను పిలిపించిన ఆసామి ఒకడు. నన్ను చూడగానే మొహం ముడుచుకునే పోలీసు కెప్టెన్ ఒకడు. వీటన్నిటి మీదా ఒక గడువు. పోటు నిండి రేవు వంతెన లేచిందంటే పడవలన్నీ పూలు కట్టుకుని సముద్రం దీవెనకు బయల్దేరతాయి. పోయిన ఓడ వాటిలో దేనిలోనైనా ఉంటే ఇక దాన్ని వెతకడం దండగ.

నా పేరు లెయోన్స్ ఒస్మోన్. ఓన్‌ఫ్లూర్ పాత రేవు గట్టు మీద తాళ్లు, తారు, లాంతర్లు, రంగులు, రంగు కాగితాలు అమ్మే దుకాణం నాది. పోయిన వస్తువులు వెతికిపెట్టే పని దుకాణానికి తోకలా తగులుకుంది. మొదట ఎవరిదో తారు పీపా, ఆ తర్వాత లంగరు, ఆ తర్వాత మనుషులు. ఏ సరుకు ఎవరికి ఎందుకు కావాలో తెలిస్తే అది ఎక్కడికి పోయిందో తెలుసుకోవడం పెద్ద కష్టం కాదు.

ఈసారి పోయిన సరుకు మాత్రం బజారులో దొరికేది కాదు. 'దైవదత్తం' అనే అసలు ఓడకు ఓ పాత నావికుడు చెక్కి చేసిన చిన్న ప్రతిరూపం. బారెడు పొడుగు, నిలబెడితే పదేళ్ల పిల్ల ఎత్తు. 1608లో నావికుడు షాంప్లేన్ అసలు దైవదత్తం ఎక్కి ఈ రేవు నుంచే బయల్దేరాడు. సముద్రం అవతల క్యుబెక్ పట్టణం కట్టడానికి పోయిన ఆ మనిషి పేరు చెక్కిన పలక ఇప్పటికీ రేవు ఒడ్డున పాత లెఫ్టినెంటు భవనం గోడ మీద ఉంది. యుద్ధం నాలుగేళ్లూ ఈ చిన్న ఓడను ఎండుగడ్డి కింద దాచి కాపాడుకున్నాం. పెంతెకొస్తు ముందు రోజు దాన్ని ఆ భవనం పైగదిలో దూలానికి వేలాడదీస్తాం. సోమవారం ఊరేగింపులో అది ముందు నడవాలి. దాని వెనకే సముద్రంలో పోయినవాళ్ల ఇళ్ల ఆడవాళ్లు నడుస్తారు.

భవనం గుమ్మంలోనే కెప్టెన్ తుర్జీ ఎదురయ్యాడు. పక్క ఊరు లిసియూ నుంచి కబురందగానే బయల్దేరి వచ్చినట్టున్నాడు, బూట్లు ఇంకా తడిగా ఉన్నాయి.

"ఏం షావుకారూ, దుకాణం కట్టేశారా? పండగ పూట తాళ్లకి గిరాకీ ఉంటుందే."

"మా ఆవిడ కూర్చుంది, కెప్టెన్ గారూ. మీకు కావాలంటే మంచి తాడు ఇప్పిస్తాను. ఎవర్నో కట్టెయ్యాలని తొందరపడుతున్నట్టున్నారు."

"కట్టెయ్యడానికి మనిషి దొరికింది. మీ శ్రమ తప్పింది."

"మరి ఓడ?"

వెనక నుంచి బ్రెవార్ ముందుకొచ్చాడు. నావికుల సంఘం తన పాత వస్తువులన్నిటి మంచిచెడ్డలు ఈయనకు అప్పగించి పన్నెండేళ్లు. సన్నగా, శుభ్రంగా ఉండే మనిషి. చేతికి ఎప్పుడూ వార్నీషు వాసన. నన్ను పిలిపించింది ఈయనే.

"ఒస్మోన్, నా ఓడ నాకు కావాలి. ఎవరు తీశారన్నది తర్వాత. ఓడ వంతెన దాటకూడదు."

"మన ఓడ," అన్నాను.

"అదే, మన ఓడ."

కింది గదిలో జెర్మేన్ కెనెల్ బల్ల ముందు కూర్చుని ఉంది. పోయిన చలికాలంలో ఆమె భర్త లూసియన్‌ను సముద్రం తీసుకుపోయింది, శవం కూడా దొరకలేదు. ఊరి ఆడవాళ్లందరూ శనివారం సాయంత్రం ఇక్కడ చేరి పడవలకు కాగితం గులాబీలు చుడతారు. వాన మొదలవగానే మిగతావాళ్లు ఇళ్లకు పోయారట. తాళంచెవి పెట్టుకుని ఈమె ఉండిపోయింది. తెల్లవారాక పైకి వెళ్లి చూస్తే తలుపు తాళం తాళంలాగే ఉంది, దూలానికి ఓడ లేదు.

పోలీసు మనిషి పక్కనే నిలబడి ఉన్నా ఆమె వేళ్లు ఆగలేదు. ఊదారంగు కాగితాన్ని మడిచి, వేలికి చుట్టి, దారం బిగించి పక్కన పెడుతోంది.

"ఒస్మోన్ బాబాయ్, మీరూ వచ్చారా. కూర్చోండి. కుర్చీ తడిగా ఉంది, చూసుకోండి."

"తాళంచెవి ఎవరికైనా ఇచ్చావా అమ్మా?"

"ఇవ్వలేదు."

"రాత్రి పైన చప్పుడేదైనా వినిపించిందా?"

"వానొకటే."

"నిద్రపోయావా?"

"గులాబీలు ఉన్నాయిగా."

కెప్టెన్ గోడకు ఆనుకుని నవ్వాడు. "చూశారా షావుకారూ? గంట నుంచి ఇదే. అడిగింది ఒకటి, చెప్పేది ఒకటి. కిటికీలో ఓడ పట్టదు. ఉన్నది ఒక్క తలుపు. తలుపుకి ఒక్క తాళంచెవి. ఇంకా లెక్క ఎందుకు?"

"ఓడ నువ్వు అమ్మావా?" అడిగాను ఆమెను.

ఆమె మొదటిసారి తలెత్తి నన్ను సూటిగా చూసింది. "అమ్మలేదు. నేను చెప్పేది అంతే. ఇంకేం అడిగినా చెప్పను."

ఆ మాటలో భయం లేదు. ముప్పై ఏళ్లు గల్లా దగ్గర కూర్చున్నవాణ్ని, దొంగ సరుకు తెచ్చినవాడి కళ్లు ఎటు తిరుగుతాయో నాకు తెలుసు. ఈమె కళ్లు ఎటూ తిరగలేదు. నెత్తి మీద ఉన్న బరువు తెలిసే ఎత్తుకున్నవాళ్లు అలా కూర్చుంటారు.

"దీవెన ప్రార్థన అయిపోగానే ఈవిడ్ని లిసియూ తీసుకుపోతాను," అన్నాడు కెప్టెన్. "సోమవారం ఊరేగింపులో నడవడానికి ఇంకెవర్నైనా వెతుక్కోండి."

పైగదికి రాతి మెట్లు. ఆ మెట్లు ఎక్కినప్పుడల్లా వాటిని వేసినవాళ్లకు మనసులో దండం పెట్టుకుంటాను. అన్ని వందల ఏళ్లు అన్ని బూట్లు తొక్కినా మధ్యలో కాస్త పల్లమయ్యాయి గానీ ఒక్క రాయి కదల్లేదు. తలుపు, తాళం చూశాను. గీత లేదు, బలవంతం లేదు. గదిలో దూలానికి రెండు ఇత్తడి కొక్కేలు ఖాళీగా ఉన్నాయి. వాటి గొలుసులు తెంపినవి కావు, జాగ్రత్తగా విప్పి పక్కకు చుట్టిపెట్టినవి. తొందరలో ఉన్న దొంగ గొలుసు చుట్టిపెట్టడు.

కిటికీ రేవు వైపు ఉంది. వెడల్పు బాగానే ఉంది గానీ ఎత్తు తక్కువ. తెరచాపలు కట్టే నిలువు కొయ్యలతో ఓడ అందులోంచి పోదు. కెప్టెన్ చెప్పింది నిజమే. అయితే కిటికీ పైన గోడలోంచి బయటికి చాచిన ఒక ఇనుప కొక్కెం ఉంది. రాజుగారి లెఫ్టినెంటు కాపురమున్న రోజుల్లో కింది పడవల్లోంచి సామాను పైకి లాక్కోవడానికి పెట్టిన కొక్కెం అది. కొక్కెమంతా తుప్పు, దాని లోవంపులో మాత్రం ఒకచోట తుప్పు రాలి ఇనుము మెరుస్తోంది. తాడు ఒరుసుకున్న మెరుపు. నిన్నో మొన్నో పడ్డది. ఆనాటివాళ్లు దిగ్గొట్టిన ఇనుము ఈ రోజుకీ బరువు మోస్తోందంటే నాకు చెప్పలేనంత గౌరవం కలిగింది. నా దుకాణంలో అమ్మే కొక్కేలకు అంత ఆయుష్షు ఉంటుందని ప్రమాణం చెయ్యలేను.

కిటికీ గడప రాళ్ల సందులో తెల్లగా ఏదో కనిపించింది. గోటితో లాగాను. అగ్గిపుల్లకంటే పొట్టిగా, ఒక కొస లావుగా, ఇంకో కొస సన్నగా నునుపు చేసిన ఎముక ముక్క.

"ఏంటది?" అన్నాడు కెప్టెన్ భుజం మీంచి తొంగి చూస్తూ.

"ఎముక."

"ఎవడో పళ్లు కుట్టుకుని పారేసిన పుల్ల. రాసుకోవడానికి కూడా పనికిరాదు. ఉంచుకోండి షావుకారూ, మీకు పనికొస్తుంది."

"మీరు ఇచ్చారు కాబట్టి ఉంచుకుంటాను," అని జేబులో వేసుకున్నాను.

అది ఏమిటో నాకు తెలుసు. దానికి అక్కలాంటివి, ఇనుపవి, చేతికర్రంత పొడుగువి, దుకాణంలో అమ్ముతాను. పెద్ద ఓడలో నిలువు కొయ్య ఒకే దుంగ కాదు. కింది కొయ్య మీద పై కొయ్యను నిలబెట్టి, జారకుండా అడ్డంగా ఒక చీల దూరుస్తారు. గాలివానలో గానీ, చలికాలం రేవులో కట్టేసినప్పుడు గానీ చీల లాగి పై కొయ్యను కిందికి దించుకుంటారు. దైవదత్తం చెక్కిన నావికుడు ఎవడో గానీ, బొమ్మ ఓడ చెయ్యలేదు. నిజం ఓడనే చిన్నగా చేశాడు. చీలలు లాగితే దాని పై కొయ్యలు దిగుతాయి. అవి దిగితే ఓడ ఆ కిటికీలోంచి పోతుంది.

బ్రెవార్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. మామూలుగా అడిగాను: "బ్రెవార్ గారూ, ఓడని తలుపులోంచి కాక ఇంకెలాగైనా తీసుకుపోవచ్చా? కొయ్యలు ఊడదీసి?"

"ఊడేవి కావు అవి." ఆయన గొంతులో ఒక రకమైన గర్వం. "ఒక్కొక్కటీ నా చేత్తో పట్టుకుని ఊపి చూశాను. ఒకే ముక్కలా ఉంటాయి. ఇసుమంత కదలవు. ఆ పనితనం మీకు తెలియదు, ఒస్మోన్."

జేబులో చీలను వేళ్లతో తడుముకున్నాను. ఆయన అబద్ధం చెప్పే మనిషిలా లేడు. తాను చేతులారా చూసింది చెప్పే మనిషిలా ఉన్నాడు. నన్ను ఆపింది అదే. అబద్ధమైతే కొట్టిపారేసేవాణ్ని. ఆయన నిజంగానే ఒక ఓడ కొయ్యలు ఊపి చూశాడు, అవి నిజంగానే కదల్లేదు. మరి ఈ చీల ఏ ఓడది?

ఆ మాటను కూడా చీల పక్కనే జేబులో వేసుకున్నాను.

"కెప్టెన్ గారూ, ఆ కొక్కెం చూడండి. దానికి తాడు వేశారు."

"పావురాలు వాలుతాయి."

"పావురాలు తుప్పు గీకవు."

"ఆయనే చెప్పాడు కదయ్యా, కొయ్యలు ఊడవని. పన్నెండేళ్ల నుంచి చూసుకుంటున్న మనిషి మాట నమ్మాలా, తాళ్ల షావుకారు మాట నమ్మాలా?"

"సరే, మీ మాటే ఖాయం చేద్దాం. తలుపులోంచే పోయింది. అంటే ఈ ఆడమనిషి ఎవరికో అందించింది. అంత పెద్ద ఓడని వానలో ఎంత దూరం మోస్తాడు? ఈ గట్టు మీదే ఎక్కడో ఉంది. ఇళ్లు, పనిగదులు అన్నీ వెతికించండి. బ్రెవార్ గారి పనిగదితో మొదలుపెట్టండి. ఆయనదే ముందు చూశామంటే మిగతావాళ్లు గొడవ చెయ్యరు."

కెప్టెన్ నా మాట విన్నది అదే మొదటిసారి, ఆయన లెక్కకు సరిపోయింది కాబట్టి. "అది సబబుగానే ఉంది. ప్రార్థన గంట మోగగానే మొదలుపెడతాం."

"తప్పకుండా," అన్నాడు బ్రెవార్. "తప్పకుండా వెతకండి." టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు, ముందువైపు వెనక్కి పెట్టుకున్నాడు.

దాచిన సరుకు బయటికి రావాలంటే గిడ్డంగి తలుపులు బద్దలు కొట్టనవసరం లేదు. తనిఖీ వస్తోందన్న మాట వదిలితే చాలు, దాచినవాడే మోసుకొస్తాడు. ఈ చిట్కాతోనే ఒక చలికాలం మా పోటీదారు దాచిన జనపతాడంతా బజారుకు రప్పించాను.

ఇక మిగిలింది కిటికీ కింద. భవనం గోడకూ నీళ్లకూ మధ్య మనిషి నిలబడేంత గట్టు ఉంది. అక్కడికి దిగి గోడ చూశాను. నడుమెత్తున రాయి మీద ఊదారంగు చార. తడిసిన కాగితం పూలదండ గోడకు రాసుకుంటే పడే చార. అంటే వాన మొదలయ్యాక ఒక పడవ ఇక్కడ ఆగింది, దాని అంచుకు దండ కట్టే ఉంది.

పడవలకు ఎర్ర గులాబీలు కడతారు, గులాబీరంగువి కడతారు, నీలమూ పసుపూ కడతారు. ఊదారంగు కట్టేది ఆ ఏడాది మనిషిని పోగొట్టుకున్న పడవకే. ఈ ఏడాది ఊదా కాగితం నేను అమ్మింది ఒక్క ఇంటికి.

పడవ పేరు 'ఓర్పు'. లూసియన్ దాని మీద నుంచే పోయాడు. ఇప్పుడు దాన్ని నడిపేది అతని తమ్ముడు అనాతోల్ కెనెల్, నావికుల సంఘం పెద్ద. నేను వెళ్లేసరికి అతను ముందుభాగంలో మోకాళ్ల మీద కూర్చుని కొత్త దండ కడుతున్నాడు. పక్కన రంగు విడిచిన పాత దండ కుప్పగా పడి ఉంది.

"మంచి కాగితమే అంటగట్టావు బాబాయ్. నాలుగు చినుకులకే ఏడ్చేసింది."

"అది ఏడవబట్టే నీ దగ్గరికి వచ్చాను."

అతను దారం కొరికి తెంపాడు. "ఏంటట?"

"లెఫ్టినెంటు భవనం గోడకి కూడా రంగంటింది."

వంతెన దగ్గర జనం చేరుతున్నారు. అనాతోల్ ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి నన్ను చూశాడు, ఆ తర్వాత నవ్వాడు. అబద్ధం చెప్పడం రాని మనిషి నవ్వు అది.

"పడవలోకి రా. బయట మాటలొద్దు."

పడవ కిందిగదిలో వలల మీద, ఊదా గులాబీల పరుపు మీద దైవదత్తం ఉంది. దాని తల మీంచి దుప్పటి తీసేసరికి నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. దూలానికి వేలాడుతుండగా ముప్పై పండగలు చూశాను గానీ, ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ప్రతి తాడూ అసలు ఓడలో ఎక్కడ బిగించాలో అక్కడే బిగించి ఉంది. గోరంత కప్పీల్లో గిలకలు తిరుగుతున్నాయి. ఎవరి కోసం తిప్పాడు వాటిని ఆ నావికుడు? చూసేవాళ్లకు కనబడను కూడా కనబడవు.

"ఎందుకు తీశావు?"

"తీస్తారని తీశా." అనాతోల్ గొంతు తగ్గించాడు. "ఉపవాసాల కాలంలో బ్రెవార్‌కి రొయ్యలు ఇవ్వడానికి వెళ్లా. పనిగది తలుపు తీసి ఉంది. బల్ల మీద రెండు ఓడలున్నాయి బాబాయ్. ఒకటి మనది. రెండోదీ మనదే అనిపించింది, ఇంకా రంగులు పూర్తి కాలేదంతే. నన్ను చూసి దుప్పటి కప్పేశాడు. మన ఓడ సంఘానికి తిరిగి తెచ్చిచ్చాడు, నిజమే. కానీ రెండోది దేనికి చేయించినట్టు? దీవెన హడావుడిలో జనమంతా నీళ్ల మీద ఉంటారు. భవనంలో ఆయన ఒక్కడే. ఇది దించి అది తగిలిస్తే అడిగేదెవరు?"

"పోలీసుకి చెప్పొచ్చుగా."

"ఆయన చొక్కా చూడు, నా చొక్కా చూడు. ఎవరి మాట వింటాడు ఆ తుర్జీ?"

ఆ పొద్దున నా మాటకు ఎంత విలువ కట్టారో నేనే చూశాను.

"పైనుంచి తాడు వదిలింది జెర్మేనా?"

"వదినే. వీధిలో ఎవరి కంటా పడకూడదని కిటికీ దారి పట్టాం. కొయ్యలు దించింది నేను, తాడు వదిలింది తను. చీల ఒకటి చేతిలోంచి జారిపోయింది, దానికి అగ్గిపుల్ల పెట్టి కొయ్య నిలబెట్టా. సోమవారం ఊరేగింపు ముందు అందరూ చూస్తుండగా ఓడ పట్టుకొద్దామనుకున్నాం. అప్పుడు ఆయన రెండో ఓడ ఏం చేసుకుంటాడో చూద్దామని."

"ఈలోగా మీ వదినని లిసియూ తీసుకుపోతున్నారు."

అతను మొహం చిట్లించాడు. "పొద్దున చెప్పేస్తానంటే తనే ఆపింది. 'లూసియన్ పోయిన రోజు కంటే చీకటి గది ఉంటుందా, ఒక్క రాత్రి ఉంటే నాకేం అవుతుంది, ఓడ సముద్రం చూసి రావాలి' అంది. నా చేత ఒట్టు పెట్టించుకుంది."

"వంతెన లేచాక నువ్వు ఈ ఓడతో కదిలితే ఇద్దరూ దొంగలే అవుతారు అనాతోల్. నేను చెప్పినా ఎవరూ ఆపలేరు."

ప్రార్థన గంట మోగింది. దాని వెంటనే గట్టు మీద కేకలు. పైకి వచ్చి చూశాం. లెఫ్టినెంటు భవనం గుమ్మంలో బ్రెవార్ నిలబడి ఉన్నాడు. చేతుల్లో ఓడ.

"దొరికింది. మెట్ల కింద, పాత తలుపు చెక్కల వెనక, తెరచాప గుడ్డ కప్పి ఉంది," అని చెబుతున్నాడు. జనం చప్పట్లు కొడుతున్నారు. కెప్టెన్ ఆయన చెయ్యి పట్టుకుని ఊపుతున్నాడు.

వాళ్ల వెనక జెర్మేన్ కనిపించింది. పొద్దున్నుంచీ చెదరని మొహం అప్పుడు చెదిరింది. రెండు చేతులూ ఖాళీగా వేలాడుతున్నాయి. ఆ ఓడ ఏదో తెలిసింది అక్కడ ఆమెకొక్కదానికే.

"దొంగ భయపడి మెట్ల కింద పెట్టేసింది," అన్నాడు కెప్టెన్ అందరికీ వినపడేలా. "ఓడ దొరికింది కదా అని నేరం పోదు. బండి ఎక్కించండి."

"ఓడకి దుప్పటి కప్పి తీసుకురా," అన్నాను అనాతోల్‌తో. "నా వెనకే నడువు. నేను చెప్పేదాకా మాట్లాడకు."

జనం దారి ఇచ్చారు. కింది గదిలో గులాబీలు చుట్టిన బల్ల మీద అనాతోల్ తన బరువు దించి దుప్పటి తీశాడు. బల్ల మీద రెండు దైవదత్తాలు.

ముందు తేరుకున్నది బ్రెవార్. మెచ్చుకోవాలి ఆయన్ని. "ఇదీ సంగతి," అన్నాడు మెల్లగా. "నకలు చేయించి, అసలుది దాచి, ఊరేగింపులో నకలు నడిపిద్దామనుకున్నారు. మరిదీ వదినా కలిసి."

కెప్టెన్ కళ్లు మెరిశాయి. "అదీ లెక్క."

"లెక్కే. ఒకసారి సరిచూద్దాం," అన్నాను. "బ్రెవార్ గారూ, కొయ్యలు మీ చేత్తో ఊపి చూశానన్నారు. ఈ రెంటిలో ఏ ఓడవి?"

"నేను తెచ్చినదానివి. ఇదే అసలుది."

"ఏమీ అనుకోకుండా కెప్టెన్ గారికి చూపించండి."

కెప్టెన్ వంగి ముందు కొయ్య పట్టి కదిపాడు, మధ్య కొయ్య కదిపాడు. ఇసుమంత కదల్లేదు. "రాయిలా ఉంది," అన్నాడు.

"రాయిలా ఉంటే ఓడ కొయ్య కాదు," అన్నాను. అనాతోల్ తెచ్చిన ఓడ దగ్గరికి వెళ్లాను. ముందు కొయ్య చుట్టూ కట్టిన తాడు మడత కింద అగ్గిపుల్ల కొస కనిపించింది. అది లాగాను. పై కొయ్య గిలకల మీద సన్నగా చప్పుడు చేస్తూ జారి, కింది కొయ్య పక్కన వచ్చి నిలబడింది. నిజం ఓడలో నావికులు దించినట్టే. గుమ్మంలో నిలబడ్డ ముసలి జాలరులు టోపీలు తీశారు.

పై కొయ్యను మళ్లీ ఎత్తాను. జేబులోంచి ఎముక చీల తీశాను.

"ఇది గుర్తుందా కెప్టెన్ గారూ? పైగది కిటికీ గడపలో దొరికింది. మీ కళ్ల ముందే. పళ్లు కుట్టుకునే పుల్ల అన్నారు."

చీల రంధ్రంలో పెట్టి బొటనవేలితో నొక్కాను. చుట్టూ వెంట్రుక సందు లేకుండా కూర్చుంది. దాని పక్కనే మధ్య కొయ్యకు ఉన్న చీల, అదే ఎముక, అదే తెలుపు.

"నిన్నటిదాకా ఆ గదిలో వేలాడింది ఇది. రాత్రి కిటికీలోంచి దిగిందీ ఇదే. మెట్ల కింద దొరికిందంటున్న ఓడ పైగది మొహం చూడనే లేదు. మరి దాన్ని మెట్ల కిందికి ఎవరు తెచ్చారు? పనిగదులు వెతుకుతామని మనం అన్నాక?"

కెప్టెన్ బ్రెవార్ వైపు తిరిగాడు. ఈసారి ఆయన మొహంలో నవ్వు లేదు. కెప్టెన్ నాకు నచ్చలేదు గానీ లెక్క కళ్ల ముందుకొస్తే కాదనడు, ఆ గుణం ఒప్పుకోవాలి.

బ్రెవార్ రెండు ఓడలనూ మార్చి మార్చి చూశాడు. "నకలు చేసినవాడికి ఆ చీల కనబడలేదు," అన్నాడు చివరికి. "తాడు చుట్టు కింద ఉంది. అతను జిగురు పెట్టేశాడు. కొయ్యలు గట్టిగా ఉన్నాయా లేదా అని నేను ఊపి చూసింది ఆ నకలునే. అసలుదాన్ని ఊపడానికి నాకు ఎప్పుడూ చెయ్యి రాలేదు."

"ఎవరికి ఇవ్వడానికి?"

"బయటి రేవులో కొనేవాళ్ల తెల్ల పడవ ఆగి ఉంది. సాయంత్రం దాకా ఉంటుంది." ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "దీన్ని మీకంటే బాగా చూసుకునేవాళ్లు ఉన్నారనుకున్నాను."

జెర్మేన్ బల్ల దగ్గరికి వచ్చి, ముందు కొయ్య చీల మీద తాడు మడతను వేలితో సర్ది కప్పింది.

"బండి ఎవరి కోసం ఆపాలి కెప్టెన్ గారూ?" అంది.

"మీ కోసం కాదు," అన్నాడాయన. "తెల్ల పడవకి ఇద్దరు మనుషుల్ని పంపండి," అని బయటికి కేక వేశాడు. వెళ్తూ నా దగ్గర ఆగాడు. "ఆ చీల పొద్దునే నా చేతికి ఇవ్వాల్సింది."

"ఇచ్చాను. తిరిగి నాకే ఇచ్చేశారు."

"మీ దగ్గర సరుకు కొనడం కష్టం, షావుకారూ."

పదకొండింటికి వంతెన లేచింది. పడవలన్నిటికంటే ముందు 'ఓర్పు' బయల్దేరింది. దాని ముందుభాగంలో, ఊదా గులాబీల మధ్య దైవదత్తం, పై కొయ్యలు పూర్తిగా ఎత్తి. పక్కన జెర్మేన్. కాగితం ఊదారంగు ఇంకా ఆమె వేళ్ల మీదే ఉంది. లెఫ్టినెంటు భవనం కిటికీ కిందుగా, షాంప్లేన్ పలక పక్కగా పడవ సాగిపోతుంటే నేను గట్టు మీద నిలబడి చూశాను. ఆ గోడ ఎన్నిసార్లు ఎన్ని ఓడల్ని అలా సాగనంపిందో. కట్టినవాళ్లు లేరు, ఎక్కి పోయినవాళ్లు లేరు, కొక్కెం ఉంది, బరువు మోస్తోంది.

దుకాణానికి నడుస్తూ లెక్క చూసుకున్నాను. నన్ను పిలిపించిన ఆసామి పోయాడు, ఆయనతోపాటు నాకు రావలసిందీ పోయింది. నా ఊదా కాగితం వానకు నిలవదని ఊరంతటికీ తెలిసింది. వచ్చే ఏడాది వేరే రకం తెప్పించాలి. లిసియూ కెప్టెన్ ఈసారి నా మాట రెండుసార్లు వింటాడు, ఎన్నాళ్లు వింటాడో తెలియదు. ఊరికి దాని ఓడ మిగిలింది. జెర్మేన్‌కు సోమవారం నడవడానికి దాని వెనక చోటు మిగిలింది.

నాకు మిగిలింది జేబులో ఉంది. ఎముక చీల ఇచ్చి పుచ్చుకున్నది. ఒక అగ్గిపుల్ల.

గల్లా పెట్టె పక్కన, అమ్మకానికి కాని వస్తువులు పెట్టే చోట పెట్టాను.